కూలి రూలు ఆగింది, కేకు రూలు ఆగకూడదట!

ప్రతి ఊరి మీదా అప్పుడప్పుడు ఒక పెద్ద తుఫాను పడాలి. తిట్టుకోకండి, చెప్పేది పూర్తిగా వినండి. రిటైరయ్యేదాకా హైస్కూల్లో పిల్లలకు పౌరశాస్త్రం చెప్పినవాణ్ణి. నోటికొచ్చింది రాసే అలవాటు నాకు లేదు.

తుఫాను పడకపోతే ప్రభుత్వానికి పొదుపు గుర్తుకొస్తుందా? మామూలు రోజుల్లో ఎంత దుబారా! స్కూలు కట్టినా వంతెన వేసినా ఒక పాడు రూలు పట్టుకుని వేలాడేవాళ్ళు. సర్కారు డబ్బుతో జరిగే పనికి, ఆ చుట్టుపక్కల ఆ పనికి ఎంత కూలి నడుస్తోందో అంతకు తగ్గకుండా ఇవ్వాలట. తాపీ పనికి తాపీ కూలి, కరెంటు పనికి కరెంటు కూలి. ఇదేమైనా న్యాయమా? పని చేసిన ప్రతివాడికీ ఆ పనికి తగ్గట్టు ఇచ్చుకుంటూ పోతే ఖజానా ఏమైపోవాలి!

అదృష్టం బాగుండి సముద్రతీరాన ఉన్న మా సెయింట్ ఓడీల్ ఊరి మీద మినర్వా తుఫాను పడింది. పోస్టాఫీసు పైకప్పు లేచి వెళ్ళి చెరుకు తోటలో కూర్చుంది. రొయ్యల పడవ ఒకటి వచ్చి చర్చి మెట్ల మీద ఆగింది. వీధుల్లో నీళ్ళు పూర్తిగా తీయకముందే వాషింగ్టన్ నుంచి చల్లని కబురు. విపత్తు వచ్చింది కాబట్టి కూలి రూలును తాత్కాలికంగా సస్పెండ్ చేశారు. ఇక మీద కాంట్రాక్టరు ఇచ్చినంత, కూలివాడు పుచ్చుకున్నంత.

ఎంత లోతైన ఆలోచనో చూడండి! ఇల్లు పోయింది, పడవ పోయింది, ఫ్రిజ్జు లోపలి తిండి కుళ్ళిపోయి, వాసన రాకుండా టేపు చుట్టుకుని వీధిలో నిలబడింది. ఈ మనిషి దగ్గర ఇంకా ఏం మిగిలిందా అని వెతికితే కూలి ఒక్కటే కనబడింది. దాన్నీ సగం చేసేస్తే మనిషి పూర్తిగా తేలికపడతాడు. తేలికైన మనిషి నిచ్చెన ఎంత సులువుగా ఎక్కుతాడో నేను వేరే చెప్పాలా?

ఒక్క నిమిషం. వంటింట్లో చిన్న పని పడింది, చూసొస్తాను.

ఆఁ, వచ్చాను. ఎక్కడున్నాం? నిచ్చెన మీద కదూ.

మా ఊళ్ళో నిచ్చెన అంటే ఉర్సిన్ బాడో. నా దగ్గరే చదువుకున్నాడు. చదువుకున్నాడంటే, నేను రాజ్యాంగం చెబుతుంటే కిటికీలోంచి ఎదురింటి పైకప్పు వైపు చూస్తూ కూర్చునేవాడు. వాళ్ళ నాన్న కప్పులు వేసేవాడు, వీడూ అదే పనిలో దిగాడు. మా ఊళ్ళో వాన పడుతుంటే దుప్పటి ముసుగు తన్ని హాయిగా పడుకున్నవాళ్ళలో సగం మంది వాడి చలవ వల్లే పడుకున్నారు. మినర్వా మాత్రం ఏ మొహమాటం లేకుండా వాడి ఇంటి కప్పునే శుభ్రంగా ఊడ్చుకుపోయింది.

ఉర్సిన్ తన భార్య ఓజీట్‌ని హ్యూస్టన్‌లో ఆవిడ చెల్లెలి ఇంటికి పంపి, తను నాలుగు గోడల మీద నీలం టార్పాలిన్ కట్టుకుని ఆ కిందే పడుకున్నాడు. అప్పట్లో ఊరంతా నీలం టార్పాలిన్లే. పైనుంచి చూస్తే మా ఊరు ఊరంతా స్విమ్మింగ్ పూల్స్ ఉన్న ధనవంతుల కాలనీలా కనబడేదని హెలికాప్టర్‌లో తిరిగిన అధికారి ఒకాయన మెచ్చుకున్నాడు కూడా.

ఓజీట్ మొదట్లో రోజూ ఫోన్ చేసేది. తర్వాత రోజు మార్చి రోజు. క్రిస్మస్ ముందు ఫోన్ చేసి అసలు సంగతి చెప్పేసింది.

"ఫిబ్రవరిలో మార్డీ గ్రా పండగ దాకా చూస్తానయ్యా. ఆ రోజుకి మనింటి మీద కప్పుంటే వచ్చేస్తా. లేదంటే నువ్వే ఇటొచ్చెయ్. ఇక్కడే ఏదో అద్దిల్లు చూసుకుందాం. నేను ఫ్రిజ్జు తలుపు తీసినప్పుడల్లా మా మరిది పేపరు కిందికి దించి చూస్తున్నాడు. ఇంక నావల్ల కాదు."

"వేసేస్తాలేవే. ఊరందరికీ కప్పులేసేవాడికి కప్పు లేదంటే జనం నవ్వరూ?"

"ఎప్పుడో నవ్వేశారు. నీకే వినపడలేదు."

ఉర్సిన్‌కి ఉన్న లెక్కల్లా ఒక్కటే. హైస్కూల్లో పిల్లలు ఆడుకునే జిమ్ము కప్పు సర్కారు పని. తుఫానులో పోయింది, మళ్ళీ వెయ్యాలి. ఆ కూలితో రేకులూ కలపా కొని మార్డీ గ్రా లోపల తన ఇల్లు వేసుకోవాలి. తన ఇల్లు కాగానే తర్వాత ఎవరి ఇల్లో కూడా వరుస చెప్పేశాడు. ఆ వరుసలో మొదటి పేరు ఎవరిదన్నది ఇక్కడ అప్రస్తుతం.

జిమ్ము పని ఎక్కడో ఉత్తరాన ఉన్న ఒక మహా కంపెనీకి దక్కింది. వాళ్ళు మా ఊరు ఎక్కడుందో మ్యాపులో వెతుక్కోవడం ఎందుకని ఆ పని ఇంకో కంపెనీకి ఇచ్చారు. వాళ్ళు ఇంకొకరికి ఇచ్చారు. ఆ ఇంకొకరికి ఒక బావమరిది ఉన్నాడు. ఒకే కాఫీ పొడిలో మళ్ళీ మళ్ళీ నీళ్ళు పోసి వడగట్టినట్టు, మొదటివాడికి చిక్కటి కాఫీ, చివరివాడికి వేణ్ణీళ్ళు. ఆ వేణ్ణీళ్ళ చెంబు పట్టుకుని మా ఊరొచ్చినవాడి పేరు క్లే ప్రూవెట్. వాడి దగ్గర అద్దెకు తెచ్చిన ట్రక్కు ఒకటి, అస్తమానం మోగే ఫోన్ ఒకటి ఉండేవి.

ప్రూవెట్ ట్రక్కు దిగకుండానే ఏసీ గాలి పోతుందని అద్దం కొంచెమే దించి రేటు చెప్పాడు.

"ఇదేంటి సార్, తుఫాను ముందు ఈ పనికి దీనికి రెట్టింపు నడిచేది," అన్నాడు ఉర్సిన్.

"తుఫాను ముందు మీ ఇంటికి కప్పు కూడా ఉండేదట కదా," అన్నాడు ప్రూవెట్. చెడ్డవాడేం కాదు, ఉన్న మాట చెప్పాడు. "ఇష్టమైతే ఎక్కు, లేదంటే వ్యాన్‌లో మనుషులు వస్తున్నారు."

ఉర్సిన్ నిచ్చెనెక్కాడు. ఎక్కక ఏం చేస్తాడు? వేరే పని ఎక్కడుంది? ఊళ్ళో ఇళ్ళు పోయినవాళ్ళంతా ఇన్సూరెన్సు వాళ్ళ ఫోన్ కోసం చూస్తున్నారు. డబ్బు కదులుతున్నది సర్కారు పనుల్లోనే.

ఇక్కడ మా కౌన్సిల్ సభ్యుడు లియాండర్ గిడ్రీ దూరదృష్టిని మెచ్చుకోవాలి. ఊళ్ళో ఉన్న ఒక్క బేకరీ ఆయనదే. ఈయనా నా శిష్యుడే, ఉర్సిన్ పక్క బల్ల మీదే కూర్చునేవాడు. కూలి రూలు సస్పెండైన వారం కౌన్సిల్లో లేచి ఎంత చక్కగా మాట్లాడాడనుకున్నారు! "ఒక కప్పు డబ్బుతో రెండు కప్పులు వేసుకోవచ్చు. ఈ కష్టకాలంలో మనందరం తలా కొంచెం వదులుకోవాలి," అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. ఆ వారం నేను ఈ శీర్షికలోనే దాని గురించి రాశాను, బావుందని బేకరీలో నాకో బన్ను ఊరికే ఇచ్చారు.

తలా కొంచెం అన్నాడు కదా, ఇంకా ఏమేం సస్పెండయ్యాయా అని పౌరశాస్త్రం మాస్టారుగా నేను ఆరా తీశాను. మోటెల్ గది అద్దె సస్పెండ్ కాలేదు, పైగా పెరిగింది. ఎందుకంటే అది అద్దె, కూలి కాదు. ప్లైవుడ్ ధర సస్పెండ్ కాలేదు, అది మార్కెట్టు. మహా కంపెనీ లాభం ఎలా సస్పెండవుతుంది, అది పెట్టుబడి కదా! మొత్తం మీద ఈ దేశంలో తుఫాను తగిలి సస్పెండ్ కాగలిగినంత మెత్తటి వస్తువు కూలి ఒక్కటేనని తేలింది. ఆ విధంగా కూలికి కూడా ఒక ప్రత్యేకత దొరికింది, కూలివాళ్ళు గర్వపడాలి.

మళ్ళీ ఒక్క నిమిషం. గిన్నె పారబోసి వస్తాను.

జనవరి వచ్చింది. మా దగ్గర ముగ్గురు రాజుల పండగ నుంచి ఉపవాసాల ముందు రోజున వచ్చే మార్డీ గ్రా దాకా కింగ్ కేకుల కాలం. గుండ్రటి తీపి రొట్టె, పైన ఊదా, ఆకుపచ్చ, బంగారు రంగుల చక్కెర, లోపల ఎక్కడో ఒక చిన్న ప్లాస్టిక్ పాపాయి బొమ్మ. బొమ్మ ఎవరి ముక్కలో వస్తే వచ్చే శుక్రవారం కేకు వాళ్ళు తేవాలి. బ్యాంకు మేనేజరైనా అంతే, పోలీసు షెరీఫైనా అంతే, పెళ్ళి రోజున బొమ్మ వచ్చిన పెళ్ళికూతురైనా అంతే. మా ఊళ్ళో ఓటు వెయ్యనివాళ్ళున్నారు, పన్ను కట్టనివాళ్ళున్నారు గానీ బొమ్మ వచ్చాక కేకు తేనివాడు మాత్రం అంతవరకూ లేడు.

లియాండర్ వ్యాపారం అంతా దీని మీదే. మొదటి శుక్రవారం ప్రతి ఆఫీసుకీ, ప్రతి కొట్టుకీ, పని జరిగే ప్రతి చోటికీ ఒక కేకు ఊరికే పంపిస్తాడు. ఆ తర్వాత ఆయన వేలు కదపక్కర్లేదు. ఒక కేకు ఇంకో కేకుని లాక్కొస్తుంది, అది మరోదాన్ని లాక్కొస్తుంది, పండగ దాకా పొయ్యి ఆరదు.

జిమ్ము దగ్గరికీ కేకు వచ్చింది. భోజనాల వేళ అందరూ రేకుల కట్ట మీద కూర్చున్నారు. ఉర్సిన్, మా ఊరివాళ్ళు కొందరు, ప్రూవెట్ వ్యాన్‌లో తెచ్చిన మెక్సికో మనుషులు కొందరు. ఉర్సిన్‌కి సగం కూలయితే వాళ్ళకి అందులో సగం, అదీ ఇస్తానన్న రోజు దాటిపోతూనే ఉంది. మోటెల్లో ఒకే గదిలో కుక్కుకుని పడుకునేవాళ్ళు. మొదట్లో మా వాళ్ళు వాళ్ళను చూసి ముఖం తిప్పుకున్నారు. ఎదురెదురుగా నిలబడి బరువైన రేకు మోసేటప్పుడు ముఖం ఎంతసేపని తిప్పుకుంటారు? నెల తిరిగేసరికి పచ్చి మిరపకాయలు పంచుకునే దాకా వచ్చింది.

బొమ్మ ఎలూతేరియో ముక్కలో వచ్చింది. వెరాక్రూజ్ నుంచి వచ్చిన మనిషి, నిదానస్థుడు. నోట్లోంచి తీసి, తుడిచి, రేకు మీద నిలబెట్టాడు. అందరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.

"మా ఊళ్ళోనూ ఇదే పద్ధతి అన్నా," అన్నాడు ఉర్సిన్‌తో. "బొమ్మ వచ్చినోడు ఫిబ్రవరిలో అందరికీ మొక్కజొన్న పిండితో తమాలెలు చేసి పెట్టాలి. మా అమ్మ రెండు రోజులు పొయ్యి దగ్గరే ఉండేది. ఇక్కడ కేకు కొనాలా?"

"కొనాలి."

"ఎప్పుడు?"

"వచ్చే శుక్రవారం."

ఎలూతేరియో లోపల్లోపల ఏదో లెక్క వేసుకున్నాడు. వాడి ముఖం ఎర్రబడింది. "ఆయన ఇంకా జీతం ఇవ్వలేదన్నా. ఇచ్చాక తెస్తా. ఎగ్గొట్టేవాణ్ణి కాదు," అన్నాడు.

ఉర్సిన్‌కి చిర్రెత్తుకొచ్చింది. ఎవరినైనా తిట్టాలనిపించింది. ప్రూవెట్ ట్రక్కు అక్కడ లేదు. అందుకని బొమ్మను తీసుకుని, నా క్లాసులో కూర్చుని ఏనాడూ పెట్టనంత గంభీరంగా ముఖం పెట్టాడు.

"అక్కర్లేదు తమ్ముడూ. విపత్తు వచ్చింది కదా. కేకు రూలు తాత్కాలికంగా సస్పెండ్ చేశాం."

"ఎవరు చేశారు?"

"నేనే. ఇప్పుడే. సంతకం కావాలంటే ఈ రేకు మీద పెడతా."

ఎలూతేరియో ముందు నవ్వలేదు. మిగతావాళ్ళు నవ్వాక వాడూ నవ్వాడు. పై శుక్రవారం జిమ్ము దగ్గరికి కేకు రాలేదు, ఎవరూ అడగలేదు.

ఇలాంటి మాట మా ఊళ్ళో దాగుతుందా? అన్న రోజు సాయంత్రానికే మంగలి షాపుకి చేరింది. పై శుక్రవారం బ్యాంకు గుమాస్తా ఆవిడకి బొమ్మ వచ్చింది, "విపత్తు కదండీ, సస్పెండ్," అని దాన్ని పెన్నుల డబ్బాలో వేసింది. ఆసుపత్రిలో నర్సు అదే మాట. బడి వంటశాలలో అదే మాట. నిజానికి అందరికీ అవసరమే. అందరి ఇళ్ళ మీదా నీలం గుడ్డలే, మొగుడు ప్రూవెట్ దగ్గర సగం కూలికి చేస్తుంటే పెళ్ళాం కేకు ఎక్కణ్ణుంచి కొంటుంది? ఇన్నాళ్ళూ సిగ్గుపడి నోరు మూసుకున్నారు. ఇప్పుడు ఆ సిగ్గుకి ప్రభుత్వ భాషలో ఒక చక్కటి పేరు దొరికింది.

లియాండర్ పొయ్యి చల్లబడింది. చెరుకు మిల్లుకి కేకులు లేవు, కోర్టుకి లేవు, ఏదో ఒక బర్త్‌డే తప్ప బేకరీ గంట మోగడం లేదు. బొమ్మ దొరకనట్టు నటిస్తున్నారేమో, ఇంకొన్ని వేస్తే ఏదో ఒకటి బయటపడుతుందిలే అనుకున్నాడాయన. ఒక్కో కేకులో మూడు బొమ్మలు పెట్టాడు. తర్వాత గుప్పెడు పెట్టాడు. చర్చిలో ఫాదర్ గారు నమ్మకంగా కొరికి కట్టుడు పన్ను విరగ్గొట్టుకున్నారు. ఆ ఆదివారం ఉపదేశంలో దురాశ గురించి ఆయన ఏదో చెప్పారు గానీ పన్ను లేక సగం అర్థం కాలేదు.

చివరికి లియాండర్ జిమ్ము దగ్గరికే వచ్చాడు.

"ఏరా ఉర్సిన్, నీకేం పోయేకాలంరా? ఊరి ఆచారంతో ఆటలా?"

"ఆటేం కాదురా. కష్టకాలం. తలా కొంచెం వదులుకోవాలన్నావు కదా. మేం ఇచ్చేది ఇచ్చేశాం. ఇప్పుడు నీ వంతు."

"అదీ ఇదీ ఒకటేనా? అది కూలిరా. ఇది సంప్రదాయం!"

"పని చేసినోడికి పనికి తగ్గ కూలి ఇవ్వడం మా నాన్న రోజుల్లో సంప్రదాయమే."

లియాండర్ విసవిసా వెళ్ళి, పై సమావేశంలో కౌన్సిల్లో తీర్మానం పెట్టాడు. కింగ్ కేకు ఆచార పరిరక్షణ తీర్మానం. ఎంతటి విపత్తు వచ్చినా, ఏ పరిస్థితుల్లోనూ, బొమ్మ వచ్చినవారు కేకు కొనే నియమాన్ని సస్పెండ్ చేయరాదు. ప్రతిపాదిస్తూ ఆయన మాట్లాడుతుంటే నా కళ్ళు చెమర్చాయి. ఒక చెయ్యి కొన్నది ఇంకో చేతికి అన్నం పెడుతుందన్నాడు. ఒకచోట గొలుసు తెగితే ఊరంతా తెగిపోతుందన్నాడు. అవతలివాడు కొనలేకపోతే ఇవతలివాడు అమ్మలేడని, ఇంత చిన్న సంగతి జనానికి ఎందుకు తెలియడం లేదని బల్ల గుద్ది అడిగాడు. నేను పౌరశాస్త్రంలో ఏళ్ళ తరబడి చెప్పి చెప్పలేకపోయిన పాఠాన్ని నా శిష్యుడు పొయ్యి ఆరిన నెలలో కంఠతా పట్టేశాడు.

ప్రజల్లో ఎవరైనా మాట్లాడతారా అన్నారు. ఉర్సిన్ మైకు దగ్గరికి వెళ్ళాడు. పని బట్టల్లోనే ఉన్నాడు, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"లియాండర్ గారు చెప్పిందంతా కరెక్టే," అన్నాడు. "నాకు ఒక్క ముక్క కూడా తప్పు కనబళ్ళేదు. ఒరేయ్ లియాండర్, నీ కేకు కొనాలంటే నా జేబులో ఉండాలి కదరా. నా జేబులో ఉన్నదాన్నే కదా నువ్వు సెప్టెంబర్లో దేశానికి దానం చేసేశావు. నీ జేబు ముట్టుకోకుండా. మార్డీ గ్రాకి మా ఆవిణ్ణి తెచ్చుకోవాలి. తన నెత్తి మీద కప్పు వెయ్యాలి. ఆ రేకులు కొనడానికే చాలక ఏడుస్తుంటే నీ కేకుల గొడవేంట్రా?"

టోపీ పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. అమలు ఎలా చెయ్యమంటారని షెరీఫ్ అడిగాడు. "ప్రతివాడి నోరూ తెరిపించి చూడమంటారా?" దాని మీద ఒక ఉపసంఘం వేశారు.

మార్డీ గ్రా ముందు శుక్రవారం, పాడైన గొలుసును మళ్ళీ కలపాలని లియాండర్ జిమ్ముకి ఇంకో కేకు ఊరికే పంపాడు. ఈసారి బొమ్మ ఒక్కటే ఉంది. అది ఉర్సిన్ ముక్కలో వచ్చింది. అందరూ ఆశగా చూశారు, ఏదైనా చమత్కారం ఆడతాడని. వాడు బొమ్మను తుడిచి చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు.

"నేను తెస్తాను," అన్నాడు.

"రూలు సస్పెండన్నావుగా అన్నా?" అన్నాడు ఎలూతేరియో.

"మీకు సస్పెండు. నేను తెస్తాను."

ఎప్పుడు తెస్తాడు? పండగ అయ్యాక ఉపవాసాల రోజులు, వాటిలో కేకు ఎవరూ ముట్టరు. చివరి బొమ్మ వచ్చినవాడు మళ్ళీ ఏడాది జనవరిలో మొదటి కేకు తేవాలి. అది మా లెక్క.

మార్డీ గ్రా రోజు ఊరేగింపు బాగానే జరిగింది. పూసల దండలు విసిరారు, బ్యాండు వాయించారు. ఉర్సిన్ ఇంటి ముందు నుంచే వెళ్ళింది. అప్పటికి వాడు తన ఇంటి మీద దూలాలు ఎక్కించగలిగాడు. రేకులకి చాల్లేదు. దూలాల మీద మళ్ళీ అదే నీలం టార్పాలిన్ పరిచి, వాకిట్లో మెట్టు మీద కూర్చుని ఓజీట్‌కి ఫోన్ చేశాడు. ఏం మాట్లాడుకున్నారో బ్యాండు మోతలో ఎవరికీ వినపడలేదు. మర్నాడు ఉపవాసాలు మొదలు కాబట్టి పొద్దున చర్చిలో నుదుట బూడిద బొట్టు పెట్టించుకుని, నిచ్చెనను ట్రక్కు మీద కట్టుకుని హ్యూస్టన్ వెళ్ళిపోయాడు. ఆ నిచ్చెన వంతెన దాటేదాకా నేను చూస్తూనే నిలబడ్డాను. ఊళ్ళోంచి ఒక నిచ్చెన తగ్గితే ఏమైందట? ఊరు ఇంకా తేలికపడింది కదా!

ఆ తర్వాత వాషింగ్టన్‌లో కూలి రూలు మళ్ళీ పెట్టేశారు. అప్పటికే ఒప్పందాలు కుదిరిపోయిన పనులకు మాత్రం వర్తించదట. ఎంత జాగ్రత్త! ప్రూవెట్ ఏదో ఇంకో తుఫాను పడ్డ ఊరికి వెళ్ళిపోయాడు. ఎలూతేరియోకి సగం జీతం ఇచ్చాడు, మిగతా సగం ఎక్కడుందో ప్రూవెట్ ఫోన్‌కి తెలియాలి, అది మోగుతుంది గానీ ఎవరూ ఎత్తరు.

ఏప్రిల్ వానలు మొదలయ్యాయి. జిమ్ములో బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలు బంతితో పాటు బకెట్లు కూడా తప్పించుకుంటూ ఆడుతున్నారు, కాళ్ళు చురుగ్గా తయారవుతున్నాయి. బేకరీలో చక్కెర గోనెల మీద నీళ్ళు కారి పాకం అయింది. లియాండర్ కప్పు బాగుచేసే మనిషి కోసం మూడు ఊళ్ళు తిరిగొచ్చాడు. "రెట్టింపు ఇస్తానన్నా ఒక్కడూ రాడేంటి మాస్టారూ?" అని నన్నే అడిగాడు పాపం. ఎంతైనా దేశభక్తుడు, తన డబ్బుతో మాత్రం ఒక కప్పుకి రెండు కప్పుల కూలి ఇవ్వడానికి సిద్ధపడ్డాడు!

ఇక నా సంగతంటారా? నా ఇంటి మీద నీలం టార్పాలిన్ మార్చి గాలికి చిరిగిపోయింది. వంటింట్లో ముందు ఒక్కచోటే కారేది. గంబో పులుసు వండే పెద్ద గిన్నె పెట్టాను. ఇప్పుడు ఈ వ్యాసం రాస్తున్న బల్ల మీదికి కూడా వచ్చింది. అక్కడక్కడ అక్షరాలు అలుక్కుపోయి ఉంటే సంపాదకుడు మన్నించాలి.

నిన్న ఉర్సిన్‌కి ఫోన్ చేశాను.

"ఎలా ఉన్నావురా?"

"బావున్నా మాస్టారూ. ఇక్కడ కప్పు వేస్తే కప్పు కూలి ఇస్తున్నారు. అలవాటు తప్పి మొదటి వారం భయమేసింది, పొరపాటున ఇచ్చారేమో అని."

"ఓజీట్ బావుందా?"

"బావుంది. అద్దిల్లే, కానీ ఫ్రిజ్జు మాదే. ఎన్నిసార్లు తీసినా అడిగేవాడు లేడు."

"మరి మన ఊరికి ఎప్పుడొస్తావురా? ఇక్కడ అందరూ నీకోసమే చూస్తున్నారు. జిమ్ము ఉంది, బేకరీ ఉంది. నా ఇల్లు, నువ్వే చెప్పావు, మీ ఇంటి తర్వాత నాదేనని."

"గుర్తుంది మాస్టారూ. కేకు బాకీ కూడా ఉంది, బొమ్మ నా జేబులోనే ఉంది." అన్నాడు. "రావాలనే ఉంది. కానీ ఒకరోజు పని కాదు కదా. నెలల తరబడి ఉండాలి. మీ ఊళ్ళో నేనెక్కడ ఉండను? మా ఇంటికి కప్పు లేదు కదా."

దానిదేముందిరా, మా ఇంట్లో ఉండు అందామని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే పైనుంచి ఒక చుక్క పడింది.

"మాస్టారూ? లైన్లో ఉన్నారా?"

"ఉన్నానురా," అన్నాను గిన్నె ఇటు జరుపుకుంటూ.